అలమరలో టక్ టక్

వచ్చీ రాగానే లిఫ్ట్ మెకానిక్ హార్డ్‌డిస్క్‌ని డిటెక్టివ్ బల్లమీద పెట్టి, "నా బతుకంతా ఇందులోనే ఉందండీ," అన్నాడు. వెనక అతని భార్య గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

డిటెక్టివ్‌ని ఊరంతా నిదానంగారంటారు. ఇల్లు తగలబడుతున్నా చెప్పులు తొడుక్కునే బయటికొస్తాడని ప్రతీతి. అసిస్టెంటుకి మాత్రం ఆయన మాటే వేదం.

మరమ్మతులో ఉన్న లిఫ్ట్ కూలి ఒక వాచ్‌మన్ కాళ్లు విరిగాయి. "వాడకండి" అన్న బోర్డు మెకానిక్ తగిలించలేదని లిఫ్ట్ కంపెనీ మేనేజర్ అంటున్నాడు. తగిలించానని మెకానిక్ మొత్తుకుంటున్నాడు. రేపే కోర్టు, రుజువు లేకపోతే జైలే. కెమెరా దృశ్యాలున్న ఈ డిస్క్‌ని ఆ భవనం సెక్రటరీ జాలిపడి ఇచ్చాడు.

"కంప్యూటర్ షాపులో చూపించాం," అన్నాడు మెకానిక్. "బ్యాడ్ సెక్టార్లట, ఆ చోట్లు చదవడానికి రావట. ఊరికే నడిపితే మొత్తం చస్తుంది, తెలిసినవాళ్లతో కాపీ తీయించుకోమన్నాడు. అలమరలో దాచాను. నిన్న మేనేజర్ రాజీ అంటూ వచ్చి ఆ గదిలోనే కాసేపు కూర్చున్నాడు. భయంగా ఉందండీ."

"ఎవరైనా బయటికి తీశారా అమ్మా?" అని అడిగాడు నిదానంగారు.

"అయ్యో, ముట్టుకోనేలేదండీ!" అంది భార్య. "అయినా అదింక రాదు. టక్ టక్‌మని కొట్టుకుంటోంది. వదిలేయండి, మీకు పుణ్యముంటుంది."

వాళ్లు వెళ్లాక, "మొత్తం చదివించి చెడ్డచోట్లు బాగుచేసే రిపేర్ స్కాన్ పెట్టనా?" అన్నాడు అసిస్టెంటు.

"చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి పరుగెత్తిస్తావా? ముందు బాగున్నదంతా కాపీ తీయి. చెడ్డచోట్లు వదిలేయి, వాటి సంగతి చివర్లో చూద్దాం."

డిస్క్ టక్‌మన్నప్పుడల్లా అసిస్టెంటు చేత్తో తాకి వేడి చూశాడు. ఒక మనిషి జైలుకెళ్లేదీ లేనిదీ తన చేతుల్లో ఉంది మరి. వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టాడు.

మర్నాడు కోర్టుకి ముందే మెకానిక్ దంపతుల్ని, మేనేజర్ని, కంప్యూటర్ షాపువాణ్ణి పిలిపించాడు నిదానంగారు.

"షాపులో చూసినదానికంటే చెడ్డచోట్లు బోలెడు పెరిగాయి. ఎవరో స్కాన్ మీద స్కాన్ నడిపారు."

అందరూ మేనేజర్ వైపు చూశారు. "నాకేం తెలుసండీ!" అన్నాడతను.

"ఇది మీ పని కాదు. గంటలు పట్టే పని, మీరున్నది కాసేపే." ఆయన షాపువాడి వైపు తిరిగాడు. "నీ దగ్గర చప్పుడు చేసిందా?"

"లేదు సార్. నిశ్శబ్దంగానే తిరిగింది."

"కరెంటు పెట్టని డిస్క్ కిక్కురుమనదు. మరి టక్ టక్ మీరెక్కడ విన్నారమ్మా?"

అసిస్టెంటు నాలుక కరుచుకున్నాడు. ఆ మాట తనూ విన్నాడు!

ఆమె కూలబడి భోరుమంది. "లిఫ్ట్ కూలిన సాయంత్రం ఈయన స్కూటర్ డిక్కీలో ఆ బోర్డు చూశానండీ. తగిలించడం మర్చిపోయారనుకున్నా. కెమెరాలో అదే కనిపిస్తే నా పిల్లల గతేంటని, నడిపితే చస్తుందని షాపులో విన్నాను కదా, ఈయన లేనప్పుడల్లా పిల్లల కంప్యూటర్‌కి తగిలించి నడిపాను."

నిదానంగారు కాపీ తీసిన వీడియో పెట్టాడు. మెకానిక్ బోర్డు తగిలించి లోపలికెళ్లాడు. తర్వాత బొమ్మ ముక్కలైపోయింది. మళ్లీ తేటపడేసరికి, మేనేజర్ ఆ బోర్డుని చంకలో పెట్టుకుని, గుమ్మం ముందున్న మెకానిక్ స్కూటర్ డిక్కీ తెరుస్తున్నాడు.

"లిఫ్ట్ ఆగిందని తెలిస్తే మీ కంపెనీ కాంట్రాక్టు పోతుందని బోర్డు తీశారు. నింద ఇతని మీద పడాలని డిక్కీలో పడేశారు," అన్నాడు నిదానంగారు. "ఇంకొక్కసారి నడిపి ఉంటే ఈ ముక్కా దక్కేది కాదమ్మా."

మేనేజర్ లేవబోతే షాపువాడు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. మెకానిక్ అటు చూడనేలేదు.

"నన్నొక్కమాట అడగొచ్చు కదే," అన్నాడు భార్యతో.

"అడగడానికే భయమేసింది," అంది ఆమె. "అవునంటారేమోనని."