నెమలి అదిమిన బొటనవేలు

మందు తీసుకెళ్లే మొదటి డ్రైవరును ల్యాబ్ లిఫ్టులోనే చంపేశారు. కూల్‌బాక్స్ మాత్రం ముఠాకు చిక్కలేదు. దాన్ని ఆస్పత్రికి చేర్చే మిషన్ ఏజెంట్ తాబేలు నెత్తిన పడింది. నడక నిదానం, పట్టింది వదలడు; అందుకే ఆ పేరు పెట్టాడు మేనమామ. తల్లి పోయిన పసివాణ్ణి చంకనేసుకొచ్చి, పెంచి, ఏజెంటును చేసిన చీఫ్ ఆయనే. ఇప్పుడు ఆ మామయ్య గొంతులో క్యాన్సర్.

డాక్టరమ్మ బ్రీఫింగ్ ముక్కుసూటిగా ఉంది.

"ఎప్పుడో గొంతులో దూరిన వైరస్ సొంత కణాన్నే చెడగొట్టింది. ఒంట్లోని కాపలా కణాలు పసిగట్టి కొట్టడానికి వెళ్లాయి."

"మరింకేం?"

"క్యాన్సర్ కణం చేయి చాచింది. మనవాళ్లేగా అని ఇవి చేయి కలిపాయి. అంతే, చేవచచ్చి కూలబడ్డాయి. వాటినే బయటికి తీసి, లేపి, కోట్లల్లో పెంచాం. ఉన్నది ఈ ఒక్క బ్యాగే. మళ్లీ పెంచేదాకా మీ చీఫ్ ఆగలేరు."

"దొంగ బ్యాగైతే తెలిసేదెలా?"

"అసలు కణాలు అడుగున పేరుకుంటాయి. వంచితే పొగమంచులా లేవాలి."

ఆ పెంపకం గుట్టు కోసమే విదేశీ ముఠా కాచుకుని ఉంది. బాక్స్ లాక్ తాబేలు బొటనవేలికి తప్ప తెరుచుకోదు. ఐస్‌క్రీమ్ బండివాడి వేషంలో బయల్దేరాడు.

మలుపులో నల్లకళ్లద్దాల సుందరి చేయెత్తింది.

"వెనిల్లా ఉందా?"

"కరిగిపోయింది."

"గిన్నె తెచ్చుకున్నా."

కోడ్ సరిపోయింది. తమ తరఫున ముఠాలో దూరిన డబుల్ ఏజెంట్ నెమలి, మామయ్య ఒక్కగానొక్క కూతురు. చంకలో ఫ్లాస్కుతో ఎక్కి కూర్చుంది.

"ఆ టోపీలో నువ్వే కరిగిన కోన్‌లా ఉన్నావు బావా!"

"నోరు మూసి ఆ ఫ్లాస్కులో టీ పొయ్యవే."

"దిగాక తాగుదాంలే." అతని చేయి తన చేతుల్లోకి తీసుకుంది. "నాన్న బతుకుతాడా బావా?"

అతని బొటనవేలిని తన ఉంగరానికి అదుముకుని చాలాసేపు వదల్లేదు. చిన్నప్పుడు ఉరిమితే అలాగే పట్టుకునేది. తాబేలు రెండో చేత్తోనే బండి నడిపాడు.

వంతెన మీద రెండు బైకులు అడ్డొచ్చాయి. తాబేలు దిగి ఇద్దరినీ మట్టికరిపించి వచ్చేసరికి నెమలి పిస్టల్‌తో బాక్స్ పక్కనే నిలబడి ఉంది.

"బాక్స్ భద్రం బావా."

వార్డులో మామయ్య చేతికి ట్యూబ్ కలిపారు. క్లాంప్ తిప్పబోతూ డాక్టరమ్మ బ్యాగును వంచింది. ఏమీ లేవలేదు.

"ఇది ఉత్త ఉప్పునీరు!"

తాబేలు తన బొటనవేలిని చూసుకున్నాడు. గోరు అంచున మైనం, ఆ ఉంగరం వేలి అచ్చు తీసుకుంది. తల తిప్పేసరికి నెమలి ఫ్లాస్కుతో గుమ్మం దగ్గరుంది. ఒక్క దూకులో అందుకుని దాని మీద చెయ్యేశాడు. టీ ఫ్లాస్కు, మంచులా ఉంది.

ఆమె విదిలించుకుని దాన్ని తలపైకెత్తింది. "కదిలితే నేలకేసి కొడతా!"

"కన్నతండ్రే నెమలీ!"

"కన్నాడు. పెంచింది నిన్ను."

ఫ్లాస్కు విసిరింది. తాబేలు బోర్లా దూకాడు. నిదానమన్న పేరు ఆ ఒక్కసారికి తప్పింది. నేలకు జానెడు ఎత్తులో ఫ్లాస్కు అతని అరచేతుల్లో పడింది.

అందులోంచి తీసిన బ్యాగు వంచితే పొగమంచు లేచింది. చుక్కచుక్కగా మామయ్య నరంలోకి దిగింది. గార్డులు బేడీలు వేసి తీసుకెళ్తుంటే కూతురు వెనక్కి తిరగలేదు. ఆయన కళ్లు మాత్రం తలుపును వదల్లేదు.

డాక్టరమ్మ రెండో మందు ఎక్కించింది. "ఇక ఈ కణాలు ఎవరితోనూ చేయి కలపకుండా ఇది అడ్డుపడుతుంది."

మామయ్య బొంగురుగా గొణిగాడు. "అలాంటి మందు మనసుకీ ఉంటే నీకూ నాకూ కూడా చెరొకటి రాయమనరా."