చోక్‌కు చుట్టిన బంతిపూల దండ

"అత్తా, బండికి దండ ఏసిన!" ట్రక్కు క్యాబిన్‌లోంచి పింకీ కేక పెట్టింది.

"మంచిగ ఏసినవా?" అంది మల్లమ్మ, వెనక పూలబుట్టలు సర్దుతూనే.

ఆ రోజు పింకీ బడిలో బతుకమ్మ ఆడతారు. తంగేడు, గునుగు, బంతి అన్నీ తెచ్చి ఇస్తానని వాసంతి టీచర్‌కు మల్లమ్మ మాట ఇచ్చింది. తెల్లారకముందే మార్కెట్‌కు వెళ్లి పూలు తెచ్చింది కూడా. నానక్‌రామ్‌గూడలో మొక్కల నర్సరీ ఆవిడదే. మొక్కలు మోసే ట్రక్కు నడిపేదీ ఆవిడే.

ఆ ట్రక్కు గురించి రెండు ముక్కలు చెప్పాలి. పింకీ తాత ఐలయ్య ఎప్పుడో మిలిటరీ వేలంపాటలో కొన్న పెట్రోల్ బండి అది. ఇప్పటి బండ్లలా తాళం తిప్పగానే లేచి కూర్చోదు. మల్లమ్మ పొద్దున్నే స్టీరింగ్ పక్కనున్న చోక్ పిడిని బయటికి లాగి తాళం తిప్పుతుంది. బండి ఖళ్లుఖళ్లుమని దగ్గుతుంది. కాసేపటికి సర్దుకుని గుర్రుమంటుంది. అప్పుడు పిడిని మెల్లగా లోపలికి నెట్టేస్తుంది. అద్దాల మేడల మధ్య అంత బండిని అత్త అలవోకగా తిప్పుతుంటే పక్కన కూర్చున్న పింకీ పొంగిపోయేది. మా అత్త లాంటి అత్త ఈ హైదరాబాద్ మొత్తంలో లేదనుకునేది.

పిడి లాగితేనే బండి లేస్తుంది కదా! అందుకే దాని ప్రాణమంతా ఆ పిడిలోనే ఉందని పింకీ నమ్మకం. మరి దండ వేయాల్సింది ప్రాణానికే కదా? దారం జారిపోతుంటే పిడిని బయటికి లాగి, గట్టిగా చుట్టి ముడి వేసింది. పిడి బంతిపూలలో మునిగిపోయింది.

ఇంతలో పింకీ వాళ్ల నాన్న దినేశ్ వచ్చి ఎక్కాడు.

"అక్కా, ముందే చెప్తున్న. పోయిన వారం వానల ఒక్కదానివి నడిరోడ్డు మీద నిలబడ్డవ్. ఇయ్యాల గిట్ల బండి మల్ల ఆగిందంటే, ఆదివారం స్క్రాప్‌కు ఇచ్చేస్త."

మల్లమ్మ నాయిన చేతి బండి అది. ఆ మాట ఆవిడకు గుచ్చుకుంది. "ఆగదు తియ్. ఆగితే నువ్వన్నట్టే కానీ" అంది.

"ఆగకే, మా తల్లీ" అని పింకీ లోలోపలే బండిని బతిమాలుకుంది.

మణికొండ వైపు తిరిగారో లేదో, బండి కుదుపులు మొదలుపెట్టింది. వెనక నల్లటి పొగ. ముక్కులు పగిలేలా పెట్రోల్ వాసన. ఒక్కసారి ముందుకు తూలి ఆగిపోయింది.

మల్లమ్మ మళ్లీ మళ్లీ తాళం తిప్పింది. ఇంజిన్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. వెనక షేర్ ఆటోల హారన్లు చెవులకు చిల్లులు పొడుస్తున్నాయి.

"ఇగ అయిపాయె" అంటూ దినేశ్ జేబులోంచి ఫోన్ తీశాడు.

మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒకాయన దగ్గరకు వచ్చాడు. "తొయ్యమంటారా అండీ?"

"జర ఆగుండ్రి సార్. ఏమైందో చూసినంక తోద్దాం" అంది మల్లమ్మ.

ఆవిడ కంగారు పడలేదు. కిందికి దిగి బానెట్ ఎత్తింది. ఒకసారి గాలి పీల్చింది. "ఇంత వాసన వస్తున్నదంటే పెట్రోల్ అందక ఆగలే. ఎక్కువై ఆగింది" అంది. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి పింకీని పిలిచింది.

"గీ రేకు తలుపు చూసినవా? చోక్ లాగితే ఇది మూసుకుంటది. అప్పుడు గాలి తగ్గి పెట్రోల్ ఎక్కువ పోతది. ఇంజిన్ సల్లగున్నప్పుడు గట్లనే కావాలె. వేడెక్కినంక మాత్రం తలుపు తెరుచుకోవాలె. లేకుంటే పొయ్యిల సందు లేకుంట కట్టెలు కుక్కినట్టే. మంట రాదు, పొగ వస్తది."

తలుపు మూసుకునే ఉంది. మల్లమ్మ ముఖం వాడిపోయింది.

"మార్కెట్‌కు పోయేటప్పుడు చోక్ నేనే లోపలికి నెట్టిన. పిడి నుంచి ఈ తలుపుకు వచ్చే కేబుల్ పోయినట్టుంది. ఇంత పాతది ఇప్పుడు యాడ దొరుకుతది?" తమ్ముడి వైపు చూడకుండానే అంది. "సరే దినేశ్. ఆ స్క్రాప్ ఆయనకు ఫోన్ చెయ్యి."

ఏం జరిగిందో పింకీకి ఇప్పుడు అర్థమైంది. చెబితే నాన్న ఊరుకోడు. కానీ అత్త చెయ్యి బానెట్ మీదే ఉంది. జ్వరం వచ్చిన పిల్లను నిమిరినట్టు నిమురుతోంది. అది చూడలేకపోయింది పింకీ.

"అత్తా... కేబుల్ పోలే. చోక్ నేనే లాగిన. దండ జారిపోతుంటే లాగి చుట్టిన."

"పింకీ!" దినేశ్ కళ్లెర్రజేశాడు.

"ఆగు తమ్మీ. చెప్పింది గదా! చెప్పకుంటే ఏమవుతుండె?" మల్లమ్మ క్యాబిన్‌లోకి ఎక్కి దండ విప్పింది. "పింకీ, తలుపునే చూస్తుండు."

పిడి లోపలికి వెళ్లగానే రేకు తలుపు టక్కున తెరుచుకుంది.

"తెరుచుకుంది అత్తా!"

మల్లమ్మ ఫిల్టర్ మూత బిగించి, ఎక్కువైన పెట్రోల్ ఆరేదాకా కాసేపు ఆగింది. తర్వాత యాక్సిలరేటర్‌ను నిండా తొక్కిపట్టి తాళం తిప్పింది. బండి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. నల్లటి పొగ వదిలి గర్జించింది. ఐడీ కార్డు ఆయన చప్పట్లు కొట్టాడు.

దినేశ్ ఫోన్ జేబులో పెట్టేశాడు. "వాసనతోనే ఎట్ల పట్టినవే అక్కా?"

"నాయిన నేర్పిండు. బండి ఆగలేదురా. ఊపిరాడకుంట మనమే చేసినం."

పూలు వాడకముందే బడికి చేరాయి. ఆ ఆదివారం బండి కోసం ఇంటికి ఎవరూ రాలేదు.

దసరా పొద్దున బండికి పూజ. దినేశ్ తనే పెద్ద దండ తెచ్చి క్యాబిన్ తలుపు తీయబోయాడు.

"డాడీ, అక్కడ గాదు!" పింకీ దండ అందుకుని ముందున్న జాలీకి కట్టింది. తర్వాత బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"సల్లగున్నది అత్తా. చోక్ లాగాల్నా?"

"లాగు."

పింకీ లాగింది. మల్లమ్మ తాళం తిప్పింది. బండి ఖళ్లుఖళ్లుమని దగ్గి లేచింది. మల్లమ్మ కావాలనే కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

పింకీ చెవులు రిక్కించి వింది. దగ్గు తగ్గింది. ఇంజిన్ గుర్రుమంది. ఇంకొంచెం ఆగి, పిడిని మెల్లగా లోపలికి నెట్టింది.