గాజు మూత కింద

"ఒకాయన పూలగుత్తి వాసన చూసి చచ్చిపోయాడు," అన్నాడు పెద్దాయన. "డాక్టరు గుండెపోటని రాశాడు. అది గుండెపోటు కాదు."

ఇద్దరూ ఒక పూలకొట్టు వెనక కోల్డ్ రూములో నిలబడి ఉన్నారు. చుట్టూ బకెట్లలో విచ్చని మొగ్గలు. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. డిపార్ట్‌మెంటు పెద్దాయన బ్రీఫింగులన్నీ ఇలాంటి చోట్లే ఇస్తాడు. చలికి ఎవడూ అనవసరమైన ప్రశ్న అడగడని ఆయన నమ్మకం.

ఎదురుగా ఉన్న ఏజెంటుని డిపార్ట్‌మెంటులో అందరూ గుమాస్తా అంటారు. ఏ వేషం వేసినా చివరికి గుమాస్తాలాగే కనిపిస్తున్నాడని ఆ వేషమే ఖాయం చేశారు. ఎవరూ రెండోసారి చూడని ముఖం. అది వరమో శాపమో తేల్చుకోవడం అతను ఎప్పుడో మానేశాడు.

"అది ఒక పొడి," అన్నాడు పెద్దాయన. "పుప్పొడి రంగులో ఉంటుంది. ఒక్క గుక్క పీలిస్తే గంటలో మనిషి ఉండడు. అవతలి దేశం వాళ్ళు పంటల్ని కుళ్ళబెట్టే బూజు ఒకటి ల్యాబులో తయారు చేస్తున్నారు. దాన్ని కళ్ళారా చూసిన శాస్త్రవేత్తలు ఇద్దరే. ఒకాయన సంగతి చెప్పాను. రెండో ఆయన ఎల్లుండి విమానమెక్కి అంతర్జాతీయ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాలి. కానీ రేపు ఆయనకి ఇంకో పనుంది."

"గులాబీల కన్వెన్షన్."

"సువాసన విభాగానికి ఆయనే పెద్ద జడ్జి. ఏ దేశం వాళ్ళయినా ఆయన్ని తాతగారనే పిలుస్తారు. వంగి, ముక్కు పెట్టి, గట్టిగా పీల్చడమే ఆయన పని. హంతకుడికి ఇంతకంటే ఏం కావాలి?"

"వెళ్ళొద్దనండి."

"అన్నాం. ప్రాణం పోయినా వెళ్తానన్నాడు. మాట వరసకే అనుకో."

"విషం ఏ పువ్వులో పెడుతున్నారు?"

"దొరసాని పువ్వులో."

గుమాస్తా ముఖంలో ఏమీ మారలేదు. లోపల మాత్రం ఏదో మూలకి సర్దుకుంది. కొత్త గులాబీలని సృష్టించడంలో దొరసానికి పెద్ద పేరు. ఆమె హాల్లోకి అడుగు పెడితే పువ్వుల్ని చూస్తున్నవాళ్ళు కూడా తల తిప్పుతారు. ఆమె తమ మనిషని అవతలి ముఠా అనుకుంటుంది. మన మనిషని పెద్దాయన అనుకుంటాడు. ఆమె ఏమనుకుంటుందో ఎవరూ అడగలేదు. ఈ వేషం కోసం గుమాస్తాకి గులాబీల పాఠాలు చెప్పింది ఆమే. ఆ రోజుల గురించి అతను రిపోర్టులో ఏమీ రాయలేదు.

"ఏళ్ళ తరబడి కష్టపడి ఒక తేనె రంగు గులాబీ తీసింది," అన్నాడు పెద్దాయన. "దాన్ని మొదటిసారి పోటీకి తెస్తోంది. ముసలాయన దానిమీదే ఎక్కువసేపు ముక్కు పెడతాడని ముఠా లెక్క. ఆ పువ్వులోనే పొడి పెట్టమన్నారు. ఆవిడ మనకి కబురు పంపింది."

"అయితే పోటీ ఆపేద్దాం సార్."

"ఆపితే కబురెవరిచ్చారో వాళ్ళకి తెలిసిపోతుంది. సాయంత్రానికి ఆవిడ శవం. పోటీ జరగాలి, ముసలాయన బతకాలి, మనకి తెలుసన్న సంగతి ఎవరికీ తెలియకూడదు."

"తాతగారి చెవిలో వేస్తే?"

"ఆయనకి అబద్ధమాడటం చేతకాదు. ముఖం మీదే అచ్చయిపోతుంది." పెద్దాయన జేబులోంచి చిన్న పెట్టె తీశాడు. చెవుడున్నవాళ్ళు పెట్టుకునే చెవి మిషన్. అందులో వైర్‌లెస్ ఉంది. "ఆయన గండం గడిచాక 'నీళ్ళు పోశాను' అను. ఆవిడ మనల్ని మోసం చేసిందని తేలితే..."

"తేలితే?"

"'కొమ్మ కత్తిరించండి' అను. మిగతాది మావాళ్ళు చూసుకుంటారు."

కోల్డ్ రూము తలుపు తెరుచుకోగానే బయటి వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. గుమాస్తాకి అది ఊరట అనిపించలేదు.

*

మర్నాడు పొద్దున్న కన్వెన్షన్ హాలు పెళ్ళివారి విడిదిలా ఉంది. పొడుగాటి బల్లల మీద వరసగా గాజు మూతలు. ఒక్కో మూత కింద ఒక్కో గులాబీ. వాసన గాలిలో కలిసిపోకుండా మూత కింద పోగవ్వాలని సువాసన విభాగంలో పువ్వుల్ని ఇలా మూసి పెడతారు. మూత అంచున కమిటీ వాళ్ళు కాగితం సీలు వేస్తారు. ఆ సీలు చింపే హక్కు పెద్ద జడ్జిదే. మూతల్ని ముట్టుకోకూడదు గానీ ముందున్న పేరు కార్డులు సర్దడం గుమాస్తా పనే. జడ్జీల వెనక నడుస్తూ వాళ్ళు వేసే మార్కులు రాసుకోవడం, అడిగితే తప్ప నోరు మెదపకపోవడం కూడా అతని పనే.

చెవి మిషన్‌లో ఎవరో కొత్త కుర్రాడి గొంతు గాభరాగా వినిపించింది. "సార్! గేటు దగ్గర ఒకావిడ ఇంకొకావిడకి ఏదో ఇచ్చింది సార్. తడిగుడ్డలో చుట్టి ఉంది. పొడుగ్గా ఉంది!"

"కొమ్మ ముక్క నాయనా," అని గొణిగాడు గుమాస్తా. "అంటు కట్టుకోవడానికి. ఇక్కడ ప్రతివాళ్ళూ దొంగసరుకు మోసేవాళ్ళే. వదిలెయ్."

"అటుపక్క ఇంకో ఇద్దరు కూడా..."

"వదిలెయ్యమన్నానా!"

బల్ల చివర ఒక ముసలి గడియారాల మెకానిక్ నిలబడి తన పువ్వు వంక చూసుకుంటున్నాడు. ముదురు ఎరుపు, దాదాపు నలుపు. ఆయన చేతులు వణుకుతున్నాయి.

"మా ఆవిడ పేరు పెట్టాను బాబూ," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "బతికుండగా ఒక్క పువ్వు కొనిపెట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు పెరడంతా అవే. ఈ చేతుల్తో పువ్వు నిలబెట్టలేక అవస్థ పడుతుంటే ఆ తల్లే వచ్చి నిలబెట్టి, మూత కూడా పెట్టింది. అంత గొప్పావిడ! చల్లగా ఉండాలి."

ఆ తల్లి అంటే దొరసాని. తాడు కట్టిన అవతలివైపు నిలబడి ఉంది. నల్లటి దుస్తులు, చెవులకి ముత్యాలు. ఆమెకి కాస్త దూరంలో మెడలో కెమెరా వేసుకున్న ఫోటోగ్రాఫరు. వచ్చినప్పటినుంచీ పువ్వుల కంటే ఆమెనే ఎక్కువ ఫోటోలు తీస్తున్నాడు. ముఠా మనిషి అతనే.

గుమాస్తా పక్కనుంచి వెళ్తుంటే దొరసాని నవ్వింది. "ఏమయ్యా, చెవులు బాగా వినిపిస్తున్నాయా?"

"అవసరమైనంత వరకూ వినిపిస్తాయి మేడమ్."

"అదృష్టవంతుడివి." ఆమె తేనె రంగు గులాబీ వైపు చూసింది. పొద్దున్నే కూర్చుని ఒక్కో రేకునీ మెత్తటి కుంచెతో విప్పినట్టు తెలుస్తోంది. "పదకొండేళ్ళు పట్టింది. పిల్లని కని ఉంటే ఈపాటికి నాకే ఎదురు చెప్పేది."

జడ్జీలు రావడానికి ముందు గుమాస్తా కార్డులు సర్దాడు. సర్దడంలో దొరసాని పువ్వు కార్డు, వెనక వరసలో ఉన్న ఒక లేత పసుపు పువ్వు కార్డు తారుమారయ్యాయి. పేరు తప్పిన పువ్వుని వాసన చూడరు. సీలు కూడా చింపరు. అది రూలు.

*

తాతగారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. వెనక ఇద్దరు జడ్జీలు. మొదటి బల్ల దగ్గర సీలు చింపారు, మూత ఎత్తారు, వంగారు. ఆయన కళ్ళు మూసుకుని పీలుస్తుంటే ముఖం చంటిపిల్లాడిదిలా అయిపోయింది. గుమాస్తాకి ఆయన మీద కోపం లాంటిది వచ్చింది. ఇంత నమ్మకంగా ఊపిరి పీల్చే మనిషిని కాపాడటం చాలా కష్టం.

తేనె రంగు గులాబీ ముందు ఆయన ఆగారు. కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఇదేమిటి? ఇది దొరసాని పువ్వు కాదూ? ఫోటో పత్రికల్లో చూశాం కదా. పేరు ఇంకేదో ఉందే?"

"పేరు తప్పేనండి," అన్నాడు రెండో జడ్జి.

"అయ్యో. పదకొండేళ్ళ కష్టం, కార్డు దగ్గర పోయింది. రాయవయ్యా, రద్దు."

గుమాస్తా రాశాడు. తల వంచి, చొక్కా కాలరు కింది మైకులోకి గొణిగాడు. "నీళ్ళు పోశాను."

"శభాష్," అంది చెవి మిషన్.

తలెత్తి దొరసాని వైపు చూశాడు. ఊరట కనిపిస్తుందనో, ఫోటోగ్రాఫరు కోసం కాస్త నటన కనిపిస్తుందనో అనుకున్నాడు. ఆమె పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఒక చెయ్యి తాడు దాటి ముందుకి చాచి ఉంది, మెట్ల మీంచి జారుతున్న పిల్లని అందుకోబోయినట్టు. నటించే దుఃఖాలు అతను చాలా చూశాడు. అవి ఎవరు చూస్తున్నారా అని పక్కకి చూస్తాయి. ఇది చూడలేదు.

అతని పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

చేజేతులా విషం పెట్టుకున్న పువ్వు కోసం ఇప్పుడు ఏడవడమేమిటి? ఏడిస్తే విషం పెట్టేముందే ఏడవాలి. ఆ ఏడుపు పొద్దున్నకే ఆరిపోయి ఉండాలి. శవానికి ఒక్కో రేకూ కుంచెతో ఎవరు విప్పుతారు? ఆమె లెక్కలో ఆ పువ్వు ఈ క్షణం దాకా బతికే ఉంది. అందులో విషం లేదు.

మరి పొడి ఎక్కడుంది?

ఆమె కళ్ళు వెంటనే తేరుకున్నాయి. జడ్జీల మీద తిరిగాయి, కప్పు మీద తిరిగాయి, ఫోటోగ్రాఫరు మీద తిరిగాయి. బల్లలన్నిటి మీదా తిరిగాయి. ఒక్క చోట మాత్రం నిలవలేదు. వేడి పెనం మీద వేలు ఆననట్టు అక్కణ్ణించి జారిపోయాయి.

అక్కడ ముదురు ఎరుపు గులాబీ ఉంది. ఆ మూత పెట్టింది ఆమే.

తాతగారు అప్పటికే దాని సీలు చింపేశారు. ఆయన వేళ్ళు మూత బొడిపె మీద ఉన్నాయి. వెనక గడియారాల మెకానిక్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. తాతగారు నడుం వంచారు. మూత ఒక వెంట్రుకవాసి లేచింది.

గుమాస్తా అరచెయ్యి దానిమీద పడింది. మూత మళ్ళీ బల్లకి అతుక్కుంది.

హాల్లో అందరూ ఇటు తిరిగారు. జడ్జీల గుమాస్తా పువ్వు మీద చెయ్యి వెయ్యడం ఏ కన్వెన్షన్‌లోనూ ఎవరూ చూడలేదు. ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. ఇప్పుడు చెప్పే ఒక్క మాట మీద తాతగారి ప్రాణం, దొరసాని ప్రాణం రెండూ ఉన్నాయి.

"పురుగుంది," అన్నాడు గుమాస్తా.

"ఏమిటీ?"

"రేకుల మధ్యన కదిలిందండి. పక్కన బూజు కూడా ఉన్నట్టుంది."

జీవితమంతా మొక్కల జబ్బులు చూసిన తాతగారు ఎగిరి రెండడుగులు వెనక్కి వేశారు. కర్ర కింద పడిపోయింది. "మూత తియ్యొద్దు! ఎవరూ దగ్గరకి రావద్దు! సంచీ తెండి, మూతతో సహా కట్టెయ్యండి!"

ఇన్ని దేశాల గులాబీలున్న చోట పురుగన్న మాట బాంబన్న మాట కంటే గట్టిగా పేలుతుంది. జనం గోడలకి అతుక్కుపోయారు. ఆడవాళ్ళు చేతిసంచులు గుండెలకి హత్తుకున్నారు. ఫోటోగ్రాఫరు కాసేపు చూసి, ఉమ్మబోయి ఆగి, వెనక గుమ్మం వైపు నడిచాడు. అతని ముఖంలో కనిపించింది అనుమానం కాదు, చిరాకు. పాపిష్టి పురుగు ఇవాళే దొరికిందా అన్నట్టుంది. గుమ్మం బయట పెద్దాయన మనుషులు అతన్ని దొంగ పాస్‌పోర్టు కేసు కింద పట్టుకున్నారు. గులాబీల ఊసే ఎత్తలేదు.

గడియారాల మెకానిక్ ఒక్కడే కదల్లేదు.

"పురుగు లేదు బాబూ," అన్నాడు. "గడియారాలకి పెట్టుకునే అద్దం కంటికి పెట్టుకుని ఆకు ఆకూ తిప్పి చూశాను. రేకు రేకూ చూశాను. ఒట్టు."

గుమాస్తా చేతిలోని మార్కుల అట్ట వైపు చూశాడు. "రూలండీ."

"అయితే మా పెరడు?"

పురుగు దొరికిన పువ్వు ఏ తోటది అయితే ఆ తోటంతా పీకి తగలబెట్టాలి. అదీ రూలే.

*

హాలు వెనక పాత కుండీలు పడేసిన గదిలో దొరసాని అతని కోసం నిలబడి ఉంది. ముత్యాలు తీసి గుప్పిట్లో పట్టుకుంది.

"మీ పువ్వులో పెట్టమన్నారు," అన్నాడు గుమాస్తా.

"చెయ్యి రాలేదు."

"ఆ గడియారాలాయన పువ్వులో పెట్టడానికి మాత్రం వచ్చింది."

"ఆ కెమెరావాడి ముందు ఎక్కడో ఒకచోట పెట్టక తప్పలేదు. పోటీ ఆపేస్తారనుకున్నానయ్యా! కబురు పంపాక బుద్ధున్నవాడెవడైనా ఆపుతాడు. ఎవరూ ఏ మూతా తియ్యరు, పొడి ఎక్కడుంటే ఏం, నా పిల్ల మాత్రం శుభ్రంగా ఉంటుంది, వచ్చే ఏడు తెచ్చుకుంటాననుకున్నాను. జడ్జీలు లోపలికి వచ్చేసేదాకా అదే నమ్మాను."

"మీ ప్రాణం కోసమే ఆపలేదు."

"నన్నడిగారా?"

గుమాస్తా అడగకూడదనుకున్నదే అడిగాడు. "తాతగారు మూత మీద చెయ్యి వేశారు. మీరు చూస్తున్నారు. నేను అడ్డం పడకపోతే అరిచేవారా?"

రెండు దేశాలకి తడుముకోకుండా అబద్ధాలు చెప్పిన మనిషి గుప్పిట విప్పి ముత్యాల వంక చూసుకుంది.

"తెలీదు," అంది చివరికి. "అరవాలనుకున్నాను. నోరు పెగల్లేదు. ఇంకొక్క క్షణం ఉంటే పెగిలేదేమో. తెలీదయ్యా. నన్ను అడక్కు."

ఆమె ముందే సిద్ధం చేసుకోకుండా చెప్పిన మొదటి మాట అదేనని అతనికి అర్థమైంది. దాన్ని అసహ్యించుకుందామని చూశాడు. కుదరలేదు. ఆమె చోట తనుంటే అరిచేవాడా? అతను కూడా ఆ ప్రశ్న దగ్గరే నిలబడిపోయాడు, పక్కవాడి ఇంట్లోకి తొంగిచూస్తే తన సామాను కనిపించినట్టు.

చెవి మిషన్ గరగరలాడింది. పెద్దాయన గొంతు. "ఆవిడ తేనె రంగు పువ్వంది. నువ్వు పట్టుకున్నది ఎర్రది. ల్యాబు వాళ్ళు పొడి ఎర్రదాన్లోనే ఉందంటున్నారు. ఆవిడ మనకి అబద్ధం చెప్పిందా? ఒక్క మాట చెప్పు, కొమ్మ కత్తిరించమంటావా?"

దొరసానికి ఆ గొంతు వినపడదు. కానీ ఆమె అతని ముఖం చూస్తోంది. ఎవరూ రెండోసారి చూడని ముఖాన్ని కళ్ళార్పకుండా చూస్తోంది.

"వద్దు సార్," అన్నాడు గుమాస్తా. "చివర్లో మార్పు జరిగింది. ఎర్రదని ఆవిడ కళ్ళే నాకు చెప్పాయి."



"సరే," అన్నాడు పెద్దాయన.

"సార్, ఆ గడియారాలాయన తోట..."

"పురుగు లేదని ఒప్పుకుంటే విషముందని చెప్పాలి. చెప్పగలవా?"

"లేదు సార్."

"మరి?" లైను ఆగిపోయింది.

ఆ సాయంత్రమే పెరడు పీకేశారు. గుమాస్తా వెళ్ళవలసిన పని లేదు, అయినా వెళ్ళాడు. ముఖాలకి గుడ్డలు కట్టుకున్న మనుషులు మొక్కల్ని వేళ్ళతో లాగి గుట్ట పోస్తున్నారు. మెకానిక్ పెరటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పచ్చి కొమ్మలు అంటుకోక పొగ మాత్రం వస్తుంటే, లోపలికెళ్ళి కిరసనాయిలు డబ్బా తనే తెచ్చిచ్చాడు.

"త్వరగా కానివ్వండి," అన్నాడు. "ఆవిడకి పొగ పడేది కాదు."

*

మర్నాడు విమానాశ్రయంలో తాతగారి సంచీ మోస్తూ గేటు దాకా వెళ్ళాడు గుమాస్తా. ఆయన ఇంకా పురుగు గురించే మాట్లాడుతున్నారు. తను మర్నాటికి బతికి ఉండటం వెనక ఏం జరిగిందో ఆయనకి తెలియదు, తెలియబోదు. సాక్ష్యం కాగితాలు చంకలో ఉన్నాయి.

"బంగారు పతకం ఎవరికొచ్చిందండీ చివరికి?" అని అడిగాడు గుమాస్తా, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

తాతగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఎవరికీ చెప్పకు. వెనక వరసలో ఆ లేత పసుపు పువ్వు లేదూ, దానికిచ్చాం. దాని కార్డు తప్పు కమిటీదేనని దిద్దేశారు, దొరసానిది అప్పటికే రద్దని రాసేశాం కదా. దానికి అసలు వాసనే ఉండదు. కానీ పురుగన్నాక మాలో ఒక్కడూ మూతల దగ్గర వంగితే ఒట్టు!"