కర్నల్ గారి పాటకు పదిహేడో పోర్టు

“పడవలో పద్దెనిమిది మంది. మూడు నలభై ఐదుకి జలసంధిలోకి వస్తారు. అక్కడ మైన్ పెట్టారు,” అన్నాడు చీఫ్. “రేడియోలో చెబితే శత్రువు వింటాడు. హెడ్‌క్వార్టర్స్ శాటిలైట్ ఫోన్ ఒక్కటే దిక్కు. అదేమో పొద్దుట్నుంచీ ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. ఎవరో కావాలనే చేస్తున్నారు. వెళ్లు.”

ఏజెంట్ క్రిస్పిన్ దిమాకులాంగన్ నెట్‌వర్క్ టెక్నీషియన్ వేషంలో బయలుదేరాడు. బెల్టు బకిల్‌లో కేబుల్ దాచుకున్నాడు. పడవ కెప్టెన్ టెబాన్ అతని పాత పార్ట్‌నర్. క్రిస్పిన్‌కు తగలాల్సిన బుల్లెట్‌ను ఒకప్పుడు తన భుజాన తీసుకున్నవాడు.

మనీలా తీరంలోని హెడ్‌క్వార్టర్స్‌లో అడుగు పెట్టగానే క్రిస్పిన్‌కు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు కర్నల్ బర్తొలోమె పుట్టినరోజు. ఫోన్లు మోగుతున్నా ఎత్తే నాథుడు లేడు. ఫోన్ల తీగలూ కంప్యూటర్ల తీగలూ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ ఉన్న గది తాళంచెవి జేబులో పెట్టుకున్న సార్జెంట్ డెల్ఫిన్ రెండో ప్లేటు నూడుల్స్ లాగిస్తున్నాడు.

“స్విచ్‌లో పాలసీ మార్చాలి. తలుపు తియ్యండి.”

“కర్నల్ గారి సంతకం కావాలన్నా. ఆయనేమో పాడుతున్నారు.”

“ఎప్పుడైపోతుంది?”

“ఇప్పుడేగా మొదలెట్టింది! ముందు తినన్నా, చిక్కిపోయావు.”

మూడు ఇరవై. హాల్లో కర్నల్ కళ్లు మూసుకుని కరవోకే మైకు పట్టుకున్నాడు. పక్కనే ఎర్ర గౌనులో మిరసోల్. పార్టీకి కుదుర్చుకున్న గాయని. శత్రుముఠా ఆమె తమ మనిషేనని నమ్ముతోంది.

“పులుసులో పులుపు తగ్గింది,” గొణిగాడు క్రిస్పిన్.

“చింతకాయలింకా పచ్చివే,” కోడ్‌కు జవాబిచ్చి, ఆమె గొంతు తగ్గించింది. “ఆ కరవోకే పెట్టె ముఠాది. స్విచ్‌లో పదిహేడో పోర్టుకు దాని తీగ తగిలించారు. ఆ తీగ మాత్రం పీకకు నాయనా, నీ శవాన్ని మోసే ఓపిక నాకు లేదు.”

క్రిస్పిన్‌కు విషయం అర్థమైంది, తల బాదుకోవాలనిపించింది. స్విచ్‌లో అసలు పాలసీ బాగానే ఉంది. ఫోన్ మాటకు ముందు దారి, వీడియోకు ఆ తర్వాత, మిగతావాటికి ఆఖరున. కానీ బొమ్మ ఆగి ఆగి వస్తుంటే పాట పాడవుతోందని, ఈ మహానుభావులు కరవోకే పెట్టెను ఫోన్ పోర్టుకు తగిలించారు. ఆ పోర్టు నుంచి ఏదొచ్చినా నమ్మమని స్విచ్‌కు చెప్పారు కూడా. ముఠా పెట్టె చెత్తంతటికీ ఫోన్ మాట అని ముద్ర కొట్టి పంపుతోంది. స్విచ్ దానికి దండం పెట్టి దారిస్తోంది. నిజమైన మాట గుమ్మం దగ్గరే చచ్చిపోతోంది.

తీగ పీకేస్తే సరిపోతుంది. కానీ పాట మధ్యలో ఆపినందుకు కత్తిపోట్లు పడటం క్రిస్పిన్ తన వీధిలోనే చూశాడు. ఇక్కడ పాడుతున్నవాడి నడుముకు పిస్టల్ ఉంది.

మిరసోల్ సార్జెంట్‌ను డాన్సుకు లాగి, రెండు చుట్లు తిప్పి, తాళంచెవి క్రిస్పిన్ చేతిలో పడేసింది.

మూడు ముప్ఫై ఎనిమిది. క్రిస్పిన్ స్విచ్‌కు కేబుల్ తగిలించి చకచకా కొత్త పాలసీ రాశాడు. పదిహేడో పోర్టు చెప్పేది నమ్మకు. దాన్నంతా చివరి వరుసలోకి తొయ్యి. పక్కనున్న శాటిలైట్ ఫోన్ ఎత్తి పడవ నెంబరు తిప్పాడు.

“టెబాన్! దారి మార్చు!”

“దా... ఏం... సార్...”

ఇంకా ముక్కలే! క్రిస్పిన్ గోడను ఒక్క గుద్దు గుద్దాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా! స్క్రీన్ మళ్లీ చదివాడు. పాలసీ రాశాడు సరే, దాన్ని పోర్టుకు తగిలించనేలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు చేసే తప్పు. తనను తానే బూతులు తిట్టుకుంటూ ఆ ఒక్క లైను కొట్టాడు.

మూడు నలభై నాలుగు. హాల్లో సంగీతం ఠక్కున ఆగింది. కర్నల్ మాత్రం ఆగలేదు. వాయిద్యాలు లేని లోటు గొంతుతోనే తీర్చడం మొదలుపెట్టాడు.

“టెబాన్, ముందు మైన్! పడవ వెనక్కి తిప్పు!”

అవతల అరుపులు, ఇంజన్ మూలుగు. మిరసోల్ తలుపు సందులోంచి తొంగిచూసి, కరవోకే పెట్టె తెచ్చిన ముఠావాణ్ని గేటు దగ్గర కాపలావాళ్లు పట్టేశారని గుసగుసగా చెప్పింది.

“తిప్పేశాం సార్,” అన్నాడు టెబాన్. “అందరం క్షేమం.”

క్రిస్పిన్ కళ్లు చెమ్మగిల్లాయి. “నా మాట బాగా వినబడుతోందా?”

“మీదే కాదు సార్, అన్నీ వినబడుతున్నాయి. అక్కడెవర్నో చిత్రహింసలు పెడుతున్నట్టున్నారు. మా సంగతి వదిలేసి ముందు ఆయన్ని కాపాడండి!”