చేతికర్ర చప్పుడు

పొద్దున్న ఏడయ్యేసరికి ఆ ఇంట్లో అందరూ గువ్వ చుట్టూనే తిరుగుతారు. గువ్వ మాత్రం ఎవరినీ పట్టించుకోదు. రెండున్నరేళ్ల పిల్ల, కిటికీ కింద చెక్క నేల మీద చతికిలబడి, గిన్నె మీద గిన్నె పేర్చి కూల్చడమే పనిగా పెట్టుకుంది.

"గువ్వా, పాలు తాగుదువుగాని రా తల్లీ," అని వాళ్లమ్మ వంటగది గుమ్మంలోంచి మూడోసారి పిలిచింది. పిల్ల తల ఎత్తలేదు.

ఆమె చిన్నపిల్లల బడిలో పనిచేస్తుంది. వీధిలో అందరికీ టీచరమ్మే. బడిలో పద్దెనిమిది మంది పసివాళ్లు ఆమె ఒక్క మాటకి బొమ్మలు సర్దేసి వరసలో కూర్చుంటారు. ఇంటికొస్తే కన్నకూతురు పలకదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈమె రచ్చ గెలిచి ఇంట్లో రోజూ ఓడిపోతోంది.

అంతలో అత్తగారు మోకాళ్లు పట్టుకుని లేచి, చేతికర్రతో నేల మీద రెండుసార్లు తట్టి, "గువ్వా" అంది. పిల్ల గిర్రున తిరిగి, నవ్వుతూ వచ్చి ఆమె కాళ్లకి చుట్టుకుంది.

"మీరు పిలిస్తే పరిగెత్తుకొస్తుంది, నేను పిలిస్తే పెడచెవిన పెడుతుంది," అంది టీచరమ్మ. "కన్నది నేనో మీరో తెలీకుండా ఉంది అత్తయ్యా."

"పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా ఊళ్లో పిల్లలందర్నీ సాకుతావు. దీనికి కనిపించేది నా మొహమే కదమ్మా."

బస్సు డ్రైవరైన భర్త, ఆ మాట ఎక్కడ ముదురుతుందోనని బూట్లు పట్టుకుని వాకిలి మెట్ల మీదికి జారుకున్నాడు.

పిల్లకి మాటలు ఇంకా రాలేదు. "వీళ్ల నాన్నకీ మూడేళ్లు దాటాకే వచ్చాయి," అనేది అత్తగారు. "ఒక్కో పిల్లది ఒక్కో నడక," అనేది టీచరమ్మ, బడిలో తల్లులకి చెప్పినట్టే. అత్తాకోడళ్లు ఏకీభవించే విషయం అదొక్కటే.

"రేపు శిక్షణకి మీరూ రావాలి," అంది టీచరమ్మ సంచీ సర్దుకుంటూ. "పిల్లల్ని ఇంట్లో చూసుకునేవాళ్లని కూడా తీసుకురమ్మన్నారు."

"నలుగుర్ని పెంచినదాన్ని. తాతకి దగ్గులు నేర్పుతారా?"

"నేర్పేవాళ్లని నేర్పనివ్వండి. అక్కడ ఎదురు మాట్లాడకపోతే అదే పదివేలు."

శనివారం శిక్షణ బడిలోని పెద్ద గదిలో జరిగింది. నేలంతా మందపాటి రబ్బరు పరుపులు పరిచారు. మధ్యలో గువ్వతో కలిపి పది పన్నెండు మంది పిల్లలు ఆడుకుంటున్నారు. చుట్టూ చిన్న చిన్న కుర్చీల్లో టీచర్లు, అమ్మమ్మలు, నాన్నమ్మలు, ఒక తాతగారు మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఒదిగి కూర్చున్నారు. శిక్షకురాలు నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ.

"పిల్ల వెనక నిలబడండి," అందావిడ. "ముట్టుకోకూడదు, కనబడకూడదు. పేరు పెట్టి పిలిచి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. మనం రెండు లెక్కపెట్టేలోపే కంగారుపడి మళ్లీ పిలుస్తాం. వాళ్లకి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. ఎవరు చేస్తారు?"

కోడలు చెయ్యి పట్టుకుని లాగుతున్నా ఆగకుండా అత్తగారే లేచింది. మనవరాలి వెనకకి వెళ్లి నిలబడి, గొంతు సవరించుకుని, "గువ్వా" అంది.

గదిలో ఉన్న పిల్లలందరూ తలలు తిప్పి ఆమె వైపు చూశారు. ఏడుస్తున్న పిల్లవాడు కూడా ఏడుపు ఆపి చూశాడు. గువ్వ ఒక్కతే చూడలేదు.

అత్తగారు నవ్వి, కర్రతో రెండుసార్లు తట్టింది. కర్ర పరుపులోకి మెత్తగా దిగింది. "గువ్వా. ఇదిగో, నాన్నమ్మనే." పిల్ల చెక్కముక్క మీద చెక్కముక్క పెట్టుకుంటూనే ఉంది. ముసలావిడ ఈసారి గట్టిగా పిలిచింది. ఆ తర్వాత అరిచింది. చుట్టూ ఉన్నవాళ్లు కుర్చీల్లో కదలడం మానేశారు.

"ఈ పరుపు మీద దీనికి తెలియట్లేదు," అంది అత్తగారు. అన్నాక, తన మాటే తనకి అర్థమైనట్టు కర్ర వైపు చూసి ఆగిపోయింది.

"మీ ఇంట్లో నేల ఎలాంటిదండీ?" అని అడిగింది శిక్షకురాలు.

"చెక్క నేల."

"కర్రతో కొడితే ఆ అదురు పాప కాళ్లకి తగులుతుంది. పాప తిరిగేది ఆ అదురుకేమో. ఆలస్యం చెయ్యకుండా చెవుల డాక్టరుకి చూపించండి."

చూపించారు. రెండు చెవులూ దాదాపు వినబడవనీ, బహుశా పుట్టుకతోనే అనీ చెప్పింది డాక్టరు. చెవికి వినికిడి యంత్రాలు పెట్టవచ్చు, సైగలు నేర్పవచ్చు, మాటలు ఎంతవరకు వస్తాయో మాత్రం చెప్పలేనంది. "ఏడాది లోపు తెచ్చి ఉంటే," అని మొదలుపెట్టి, తల్లి మొహం చూసి ఆపేసింది.

ఇల్లు చేరారు. తలుపు మూసుకోగానే టీచరమ్మ బద్దలైపోయింది.

"రెండున్నరేళ్లు అత్తయ్యా. పొద్దస్తమానం దాని పక్కనే ఉన్నారు. ఒక్కసారి కర్ర లేకుండా పిలిచి ఉంటే తెలిసేది కదా."

"నాకేం తెలుసమ్మా. నా కర్ర నాకు మూడో కాలు. అది చప్పుడు చేస్తుందనే మర్చిపోయాను," అంది ముసలావిడ. "పిల్లల సంగతులు చదువుకున్నది నువ్వు కదా."

"నా చదువు జోలికి రాకండి. మీరు దీన్ని నాకు కాకుండా చేశారు."

అప్పుడు, జీవితంలో మొదటిసారి, భర్త మెట్ల మీదికి జారుకోలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. శిక్షణకి ముందు ప్రతి టీచరూ బడి పిల్లలతో పాటు తన సొంత పిల్లల ఎదుగుదల గురించి నింపిన ప్రశ్నల కాగితాల్లో అదొకటి. డాక్టరుకి చూపించమని శిక్షకురాలు వెనక్కి ఇచ్చింది.

"వెనక నుంచి పిలిస్తే తిరుగుతుందా?" అని చదివాడు. "అవును అని రాసి ఉంది. ఈ రాత ఎవరిది?"

"నాదే," అంది టీచరమ్మ.

"నువ్వు పిలిస్తే ఎప్పుడైనా తిరిగిందా?"

"మీ అమ్మ పిలిస్తే తిరుగుతుందిగా అని రాశాను."

"నీకు తిరగదని ఎందుకు రాయలేదు?"

"సిగ్గేసింది," అంది ఆమె. "ఊరందరి పిల్లలూ నా మాట వింటారు. నా కూతురే నన్ను లెక్కచెయ్యదని ఏ కాగితం మీద రాయను? దానికి నేనంటే ఇష్టం లేదనుకున్నానండీ. పసిదాని మీద అలిగాను. ఈమధ్య పిలవడం కూడా తగ్గించేశాను."

ఆమె ఏడుపు గువ్వకి వినబడలేదు. అటు తిరిగి గిన్నెలు పేర్చుకుంటూనే ఉంది. అది చూసి అత్తగారు కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి తన గదిలోకి వెళ్లిపోయింది.

తర్వాత నాలుగు రోజులు ఇల్లు చావు జరిగిన ఇల్లులా ఉంది. అన్నం ఎవరిది వాళ్లు వడ్డించుకున్నారు. ఏదో లోటుగా ఉందని టీచరమ్మకి అనిపిస్తూనే ఉంది. అయిదో రోజు పొద్దున్న పాలు కాస్తుంటే అదేమిటో స్ఫురించింది. కర్ర చప్పుడు లేదు.

వెళ్లి చూస్తే, అత్తగారు గోడ పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది. కర్ర కొసకి పాత తువ్వాలు ముక్క నాలుగు చుట్లు చుట్టి తాడుతో బిగించి ఉంది. నున్నటి చెక్క మీద ఆ గుడ్డ జారుతుందని భయపడి, కర్రని చంకలో పెట్టుకుంది.

"పడతారు అత్తయ్యా. ఇదేమిటి?"

"ఈ చప్పుడే దాని కొంప ముంచింది. ఇంక వద్దు."

టీచరమ్మ కర్ర తీసుకుని నేల మీద కూర్చుంది. ముడి గోళ్లకి లొంగలేదు, పళ్లతో విప్పింది.

"దాని కొంప ముంచింది ఇది కాదు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో దానితో మాట్లాడింది మీరొక్కరే," అంది. "ఆ రోజు అన్న మాటలు మనసులో పెట్టుకోకండి. నాకూ నేర్పండి. ఎంత గట్టిగా కొట్టాలి?"

ముసలావిడ కోడలి భుజం ఊతగా పట్టుకుంది.

"గట్టిగా కాదమ్మా. రెండుసార్లు. మధ్యలో కాస్త ఆగు. అది తిరిగాక దాని మొహంలోకి చూడు, పని చేసుకుంటూ కాదు. చూడకపోతే వెళ్లిపోతుంది."

టీచరమ్మ తట్టింది. కాస్త ఆగి మళ్లీ తట్టింది.

కిటికీ కింద గువ్వ తిరిగింది. అలవాటు ప్రకారం నవ్వుతూ నాన్నమ్మ వైపు చూసింది. నాన్నమ్మ ఖాళీ చేతులు రెండూ చూపించి, కోడలి వైపు వేలు చూపించింది. పిల్ల కర్రని చూసింది, కర్ర పట్టుకున్న చేతిని చూసింది, అమ్మ మొహాన్ని చూసింది. నవ్వు ఆగిపోయింది. రెండు అడుగులు వేసి నిలబడింది.

"గువ్వా," అంది తల్లి, వినబడదని తెలిసే, పెదవులు కనబడేలా. మళ్లీ పిలవాలనిపించింది. లేచి వెళ్లి ఎత్తుకోవాలనిపించింది. కన్నీళ్లకి పిల్ల మొహం అలుక్కుపోతున్నా చూపు తిప్పకుండా, శిక్షణలో చెప్పినట్టు మనసులో పది లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఏడు దగ్గర గువ్వ మూడో అడుగు వేసింది.