యార్డు చివరి పచ్చకన్ను

బిలాస్‌పూర్ యార్డులో బొగ్గు పోసే చోటు దాటాక, మోదుగ పొదల వెనకాల ఒంటరిగా ఒక క్వార్టరుండేది. దానికి నంబరు ఉంది గాని ఆ నంబరు ఎవరూ పలికేవాళ్ళు కాదు. మన తెలుగువాళ్ళు ‘కనకం ఇల్లు’ అనేవాళ్ళు. ఇక్కడి ఖలాసీలు ‘భుతహా ఘర్’, అంటే దెయ్యాలిల్లు, అనేవాళ్ళు. ఎవరు ఏ పేరు చెప్పినా, చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గేది...

రాత్రి డ్యూటీకెళ్ళే మగాళ్ళు అటు పోవాల్సొస్తే పట్టాల మీదుగా ఇంత చుట్టు తిరిగి పోయేవాళ్ళు. ఆ కిటికీ ముందునించి మాత్రం పోరు.

ఎందుకంటే — ఆ కిటికీలో కన్ను వెలిగేది.

ఒక్కటే కన్ను. పచ్చగా.

ఇది బి.ఎన్.ఆర్. రైలు కంపెనీ రోజుల మాట. పెద్ద యుద్ధం ఇంకా రాలేదు. నేను కాపరానికి కొత్తగా వచ్చాను. బయట జరిగిందంతా మా మావ నూకరాజు నోట విన్నాను. లోపల జరిగింది మా అత్త అప్పయమ్మ నోట విన్నాను. ఆ రాత్రి నేనూ అక్కడే ఉన్నాను గాని, నాకేమీ తెలీదు. ఎందుకు తెలీదో చెప్తాను.

ముందు కనకం సంగతి.

కనకం బొబ్బిలి పిల్ల. పట్టాలు మార్చే పాయింట్స్‌మేన్ పెళ్ళాం. తొలిచూలు. నొప్పులొచ్చి రెండో రోజైనా బిడ్డ బయటికి రాలేదు. పట్టాలకి అవతల కాన్వెంటులో మందూ మాకూ తెలిసిన సిస్టర్లున్నారు, పిలుద్దామని ఎవరో ఆడమనిషి అంది. మగపెద్దలు ఒప్పుకోలేదు. “ఆళ్ళొస్తే పుట్టిన గుంట మీద నీళ్ళు సల్లి కిరస్తానంలో కలిపేస్తారు” అన్నారు. తలుపేసేశారు. లోపలినించి కనకం “తలుపు తియ్యండి... తలుపు తియ్యండి...” అంటూనే ఉందట. తెల్లారేసరికి అనడం మానేసింది.

మొగుడు బదిలీ పెట్టించుకుని పోయాడు. ఆ ఇల్లు మళ్ళీ ఎవరూ తీసుకోలేదు.

కొన్నాళ్ళకి కిటికీలో పచ్చకన్ను మొదలైంది.

ఇక్కడే మీకొక మాట చెప్పేస్తాను, మా క్వార్టర్ల లైనులో మగాళ్ళకి చెప్పకండి. ఆ కన్ను పెట్టింది మా అత్త. మావ డ్యూటీలో పడేస్తే పాడైపోయి, కంపెనీ వద్దన్న పాత చేతిదీపం ఒకటి మా వంటింట్లో వేలాడేది. అదే.

కనకం పోయాక కాన్వెంటు సిస్టర్లిద్దరు పెద్ద ఆఫీసుకి వెళ్ళి దొరలతో వాదించారట — లైనులో ఆడదానికి నొప్పులొస్తే మగాళ్ళ అనుమతి కోసం కూచోకుండా కబురు పంపే దారి ఒకటి ఉండాలని. దొరలు చూద్దామన్నారు. వాళ్ళు చూసేదాకా ఆగడమెందుకని సిస్టర్లే మన ఆడవాళ్ళకి నేర్పడానికి సిద్ధమయ్యారు. అక్షరాలు, కుట్టుపని, పురుడుపోసే పద్ధతి. మరి ఎక్కడ నేర్చుకోవడం? కాన్వెంటుకి వెళ్తే మగాళ్ళు ఊరుకోరు. ఇంట్లో అయితే అసలే ఊరుకోరు. మగాడన్నవాడు అడుగుపెట్టని చోటు లైను మొత్తానికి ఒక్కటే ఉంది.

“దెయ్యాలింట్లోనా!” అని మిగతావాళ్ళు గుండెలు బాదుకుంటే మా అత్త అందట: “కనకం మన మనిషే కదేటి. బతికుండగా మనల్నేటీ అన్నేదు, ఇప్పుడేటంటాది?”

మగాళ్ళు డ్యూటీలో ఉంటే కిటికీలో పచ్చదీపం. చూసినవాళ్ళు రావచ్చు. దీపం లేకపోతే ఎవరో మగాడు ఇంట్లో ఉన్నట్టు, రావొద్దు. అంతే మా సిగ్నలు.

మాకు పాఠం చెప్పేది సిస్టర్ ఆగ్నేసు. తోడుగా ఇంకో ముసలి దొరసాని సిస్టరు. ఆవిడ పేరు నోరు తిరక్క పెద్దమ్మగారు అనేవాళ్ళం. ఆగ్నేసు సిస్టరు మొదటిరోజు నన్ను చూసి “ఏటమ్మా, ఎన్నో నెల?” అనేసరికి నాకు మతిపోయింది. తెల్లబట్టలు, మెళ్ళో సిలువ... నోట్లో మాత్రం మా ఊరి ‘ఏటి’! సాలూరు పిల్లట ఆవిడ.

పలక మీద అక్షరాలు నేర్పేది. మా అత్త ‘అ’ రాస్తే అచ్చం గుమ్మడికాయలా ఉండేది. తరవాత పొయ్యి మీద ఎసరు పెట్టించి, బ్లేడు మరిగించడం, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడగడం. కడిగిన చేత్తో ముక్కు గోక్కుంటే మళ్ళీ మొదట్నించీ కడిగించేది. మా అత్తకి చేతులు కడగ్గానే ముక్కు దురదపుట్టేది. ఏం చేస్తుంది పాపం.

ఇంట్లో మావ మాత్రం ముందే చెప్పేశాడు. “నా ఇంట తొలి బిడ్డ. ఆ కాన్వెంటు అమ్మలు సుట్టుపక్కలకి రాకూడదు. తెలిసిందా?”

“అచ్ఛా” అంది అత్త.

ఆవిడ అచ్ఛా అంటే ఒప్పుకున్నట్టు కాదని అన్నేళ్ళ కాపరంలోనూ ఆయనకి తెలీలేదు.

ఆ రోజు మావకి రాత్రి డ్యూటీ. మా ఆయన సూర్యం ఇంజన్లో బొగ్గేసే ఫైర్‌మేన్, బండి మీద కట్నీ వెళ్ళాడు. నాకింకా నెల ఉందనుకుని, అత్తా నేనూ పాఠానికి వెళ్ళాం. పలక ఒళ్ళో పెట్టుకున్నానో లేదో... నొప్పి. బలపం ఎక్కడ పడిందో తెలీదు.

ఆగ్నేసు సిస్టరు కడుపు మీద చెయ్యి వేసి చూసింది. పెద్దమ్మగారి వైపు తిరిగింది. ఇద్దరూ మళ్ళీ చేతులు కడగడం మొదలెట్టారు. అది చూడగానే మా అత్తకి అర్థమైపోయిందట. బిడ్డ అడ్డం తిరిగి ఉంది.

పట్టాలు దాటించి మోసుకెళ్ళే వీల్లేదు. ఇక్కడే. కనకం పోయిన గదిలోనే. అందరూ నా చుట్టూ చేరారు. కిటికీలో దీపం మాట ఎవరికీ గుర్తులేదు.

ఇంక నాకేమీ తెలీదు. ఇక్కణ్ణించి మావ చెప్పిందే.

ఆయన పాయింట్ల దగ్గర బీడీ కాల్చుకుంటున్నాడట. ఫిరంతా అని ఒక ఖలాసీ, ఆడమనిషి కేక విని దూరంనించి ఆ ఇంట్లోకి చూసి, పరిగెత్తుకొచ్చాడు.

“నూకరాజు భాయ్! తోర్ బహూ భుతహా ఘర్ మా హవయ్! సిస్టర్ మన్ ఘలో హవయ్!”

నీ కోడలు దెయ్యాలింట్లో ఉంది, సిస్టర్లూ ఉన్నారు — అని.

మావ బీడీ పారేశాడు. పక్కవాడికి పాయింట్లు అప్పజెప్పి, ఓ చేత్తో కర్ర, ఓ చేత్తో డ్యూటీ దీపం పట్టుకుని బయల్దేరాడు. తలుపు తన్ని, సిస్టర్లని తరిమి, కోడల్ని భుజానేసుకుని ఇంటికి తెచ్చేద్దామని. దెయ్యమంటే ఆయనకి మా అందరికంటే ఎక్కువ భయం. అయినా బయల్దేరాడు... ఆ మాట ఆయన గురించి నేను ఎప్పుడూ చెప్తాను.

మోదుగ పొదలు దాటాడు. గాలి లేదు. ఆకు కదల్లేదు.

కిటికీలో కన్ను... పచ్చగా.

“రామా... రామా...” అనుకుంటూ ఒక అడుగు. ఇంకో అడుగు.

కన్ను ఆరింది.

చీకటి.

తరవాత మళ్ళీ వెలిగింది — ఎర్రగా!

మావ కాలు గాల్లోనే ఆగిపోయింది.

“బయపడ్డావా మావా?” అని నేనెప్పుడడిగినా ఆయనకి కోపమొచ్చేది. “బయమేటే అమ్మీ! రెడ్డు! రెడ్డు ముందు ఆగాలా వద్దా? దెయ్యమైతే ఏటి, దొరైతే ఏటి, రెడ్డు రెడ్డే. దాటితే నౌకరీ ఉంటాదా?”

నిలబడ్డాడు. చెమట్లు. అడుగు వెయ్యబోతే ఆ ఎరుపు ఇంకా చిక్కనైనట్టు ఉండేదట. ఆ దిక్కున సిగ్నల్ స్తంభమే లేదు. యార్డులో ప్రతి దీపమూ ఆయనకి ఇంట్లో మనిషిలా తెలుసు — ఇది ఏ దీపమూ కాదు.

చివరికి తెగించి తన దీపం పైకెత్తి ఊపాడు. సిగ్నలిచ్చే కేబిన్‌వాణ్ణి అడిగినట్టే అడిగాడు.

“ఓలమ్మా కనకం... నాను నూకరాజుని... మా కోడలు లోపలుంది... లైన్ క్లియర్ ఇయ్యవే తల్లీ!”

ఎర్రగానే ఉంది.

“తలుపు తియ్యనివ్వవే...”

ఆ మాట తన నోటినించి వచ్చాక మావకి గుర్తొచ్చిందట. అదే మాట వెనకటికి లోపలినించి ఆ పిల్ల అన్నది. ఆ రోజు బయట కూచున్న మగాళ్ళలో ఆయనా ఉన్నాడు.

కర్ర కింద పెట్టేశాడు. అలాగే నిలబడ్డాడు. ఎంతసేపో ఆయనకే తెలీదు.

అప్పుడు — లోపలినించి ఒక కేక. సన్నగా. కోపంగా. ఈ లోకంలో అప్పుడే కళ్ళు తెరిచినవాళ్ళు పెట్టే కేక.

ఎరుపు ఆరింది. పచ్చ వెలిగింది.

“లైన్ క్లియర్!” అని అరుస్తూ మావ పరిగెత్తాడు.

గుమ్మంలో మా అత్త అడ్డంగా నిలబడింది. చేతిలో చిన్న మూట.

“ఆగు.”

“ఏటే, నా మనవడిని సూడ్నివ్వవా?”

“మనవరాలు. ముందు సేతులు కడుక్కో. మోసేతులదాకా.”

మావ కడుక్కున్నాడు. మా అత్త మాట ఆయన వినడం అదే మొదలు. తుడుచుకుంటూ గుసగుసగా అడిగాడు, “నీళ్ళు... సల్లేశారా?”

లోపలినించి ఆగ్నేసు సిస్టరు తల బయటికి పెట్టింది. మొహమంతా చెమట. “సల్లనేదు బాబూ. మరిగించిన నీళ్ళన్నీ సేతులు కడగడానికే సరిపోయాయి.”

“నువ్వు తెలుగుదానివేటి!”

“సాలూరు.”

“మరి ముందే సెప్పొద్దా!” అన్నాడు మావ, తప్పంతా ఆవిడదే అన్నట్టు.

తరవాత అత్త నాతో అంది, “ఆ గడియలో మీ మావ తలుపు తోసి సిస్టరు సెయ్యి లాగేసుంటే నువ్వూ నేవు, గుంటా నేదు.” బిడ్డని లోపల తిప్పుతున్నది సరిగ్గా అప్పుడే.

పాపకి కనకమహాలక్ష్మి అని పేరు పెట్టారు. విశాఖపట్నం అమ్మవారి పేరని మావ అనుకున్నాడు. అత్త ఎవరి పేరనుకుందో నేనడగలేదు.

ఇక మావ లైనంతా తిరిగి చెప్పాడు. “అది మామూలు దెయ్యం కాదురా. రూలు తెలిసిన దెయ్యం. రెడ్డిస్తాది! ఎవడూ అటు పోకండి.” మగాళ్ళు ఆ వైపు చూడ్డమే మానేశారు. పాఠానికొచ్చే ఆడవాళ్ళు పెరిగారు. కిటికీలో దీపం సంగతి మావకి తెలిసిపోయే ఉంటుందని నేననుకునేదాన్ని. తెలిసినట్టు ఎప్పుడూ చెప్పలేదు.

పాపకి పళ్ళొస్తున్న రోజుల్లో, ఓ సాయంత్రం నేను బూడిదతో ఆ పాత దీపం తోముతున్నాను. ఓ వైపు పచ్చ అద్దం. రెండో వైపు... రేకుముక్క. ఎవరో మేకులు కొట్టి మూసేశారు.

“అత్తా, ఇక్కడ ఎర్ర అద్దం ఉండాలి కదా?”

“అది పగిల్తేనే కదే దీపాన్ని కంపెనీ వద్దంది. నువ్వీ ఇంటికి రాకముందే.”

నా చేతిలో బూడిద అలాగే ఉండిపోయింది.

“మరి ఆ రాత్రి మావకి రెడ్డు చూపించిందెవరు?”

అత్త బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది.

“ఏ రెడ్డే? మీ మావ కోతలు కోస్తన్నాడనుకున్నాను...” గొంతు తగ్గించింది. “ఆ రాత్రి కిటికీ కాడ ఎవరూ నేరు సిన్నమ్మీ. అందరం నీ కాడే ఉన్నాం.”

ఇద్దరం దీపం వైపు చూశాం.

ఆ రోజు పాఠానికి అత్త ఒక పలక ఎక్కువ తెచ్చింది. కిటికీ కింద పెట్టి, పక్కన కొత్త బలపం ఉంచింది.

“ఇది ఎవరికి అప్పయమ్మా? కొత్తగా ఎవరైనా వస్తున్నారా?” అంది ఆగ్నేసు సిస్టరు.

“కొత్తేటి కాదమ్మా. మొదట్నించీ వస్తన్నాది. పలకే నేదు దానికి.”

సిస్టరు మా అత్త మొహంలోకి కాసేపు చూసింది. నవ్వలేదు. పలక కిటికీ వెలుగులోకి కాస్త జరిపింది.

మర్నాడు వెళ్ళేసరికి దాని మీద గుమ్మడికాయలాంటి ‘అ’ ఉంది. అది అత్త రాసిందని నేననుకున్నాను. నేను రాశానని అత్త అనుకుంది.

నాకు అక్షరాలు ఆలస్యంగానే పట్టుబడ్డాయి. నేనింకా ‘అ ఆ’ల దగ్గర తంటాలు పడుతున్నప్పుడే, ఆ పలక మీద గుణింతాలు మొదలయ్యాయి.