బరువైన ముడిమాట

ఉప్పాడ తీరానికి ఆవల, సముద్రం మీద తేలే ఆ ఊళ్ళో ఎవరైనా గడప దాటేముందు చెప్పులు వేసుకున్నట్టే భుజానికి ఒక ముడిమాట వేసుకునేవారు. పూర్వం ఫోన్లలో హాష్‌ట్యాగ్ అన్నదే ఈ ముడిమాట. #జలుబు అని వేసుకుంటే లిఫ్టు ఖాళీగా వచ్చేది. #ఆకలి అంటే ఇడ్లీ బండి తనంతట తానే మన వైపు తిరిగేది. ఊరి తలుపులూ, నడిచే బాటలూ, దీపాలూ అన్నీ కూడలి అనే యంత్రం అధీనంలో ఉండేవి. ఒక ముడిమాట కింద తరతరాలుగా జనం రాసుకున్నదంతా చదివి, వాళ్ళు ఎలా నడుచుకున్నారో గ్రహించి, ఊరిని అది అలాగే నడిపేది. ఎవరికి వారే కాదు, ఎదుటివాళ్ళకూ తగిలించవచ్చు. ఎంతమంది గుమిగూడితే ముడిమాటకు అంత బరువు. వేసుకున్నదాన్ని మధ్యలో తీసేయడానికి లేదు. గడువైనా తీరాలి, లేదా దానికంటే బరువైనదైనా వచ్చి మీద పడాలి. #ఒంట్లోబాగాలేదు అని వేసుకుని, సెలవు దొరకగానే తీసి పారేసి షికార్లు తిరిగేవాళ్ళ వల్ల వచ్చిన నిబంధన అది. దాన్ని రాసింది కూడలి ప్రయోగశాలలో ఇంజనీరుగా పనిచేసే హైమ.

హైమకూ నచికేత్‌కూ జ్యేష్ఠమాసం చివర్లో పెళ్ళయింది. శ్రావణం రాగానే అతను చంద్రుడి మీది గనులకు మూడేళ్ళ డ్యూటీ మీద వెళ్ళిపోవాలి. మధ్యలో ఉన్న నెలే వాళ్ళ కాపురం. దానికి ఏ ముడిమాట వేసుకోవాలన్నదే వాళ్ళ మొదటి చర్చ.

"అందరూ వాడేది వద్దండి," అంది హైమ. "గుంపులో కొట్టుకుపోతాం. మనకి మాత్రమే సరిపడేది, చిన్నది చూసుకుందాం."

"కోట్లమంది మోస్తామంటుంటే మనం నడవడం ఎందుకు?" అని నవ్వి నచికేత్ #కొత్తజంట ఎంచాడు. ఆ నవ్వుకు ఆమె కాదనలేకపోయింది.

మొదటి రోజులు ఎంత బాగున్నాయో. కిటికీ తనే సూర్యోదయం వైపు తిరిగేది. బండెక్కితే సీటు ఇరుకై ఇద్దరినీ దగ్గరకు జరిపేది. పొద్దున్నే మల్లెపూల బండి గుమ్మంలో ఆగేది. ఒక గ్లాసు కాఫీని ఇద్దరూ పంచుకుంటూ, చివరి గుక్క నువ్వంటే నువ్వని వాదించుకునేవారు. ఆమె నడుస్తుంటే కొత్త మెట్టెల చప్పుడు వినడానికి అతను పాట ఆపేసేవాడు.

ఆషాఢ పాడ్యమినాడు నచికేత్ పెరుగు కోసం వెళ్ళి వచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు. లోపలినుంచి హైమ తోసినా రాలేదు.

"కూడలీ, తలుపు తియ్యి," అంది.

"ఆషాఢం వచ్చిందండి. కొత్తజంట ఒక ఇంట్లో ఉండకూడదు. అబ్బాయిగారికి అవతలి పేటలో గది సిద్ధం చేశాను."

"ఈ రూలు నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. ఈ ముడిమాట కింద జనం రాసుకున్నది చదివాను."

"వాళ్ళు రాసింది ఆషాఢాన్ని తిట్టుకుంటూ కదా."

"తిట్టుకున్నారండి. కానీ విడిగానే ఉన్నారు. తిట్టుకుంటూ కూడా పాటించేదాన్నే నేను ఆచారం అనుకుంటాను."

ఇక ఇద్దరూ బయట కలుద్దామని చూశారు. నడిచే బాటలు ఎదురెదురుగా వచ్చిన ఇద్దరినీ చెరో పక్కకు లాక్కుపోయాయి. బజారులో గాజుగోడ లేచింది. గోడకు అటొకరు ఇటొకరు నిలబడి అరచేతులు ఆనించుకుంటే, చల్లని గాజే తగిలింది. #ఉన్నదినెలే అని హైమ కొత్త ముడిమాట పుట్టించింది. దాని కింద ఉన్నది ఇద్దరే అనీ, బరువు చాలదనీ కూడలి మర్యాదగా చెప్పింది. ప్రయోగశాలకు వెళ్ళి #కొత్తజంటను తీసేయబోతే, ఆమె రాసిన నిబంధనను ఆమెతోనే చదివించింది. నెలలో సగం కరిగిపోయింది.

ఒకరోజు తలుపు అవతలినుంచి నచికేత్ నోరు జారాడు. ఆ నిబంధన రాసిన చేతులకు ఇంకేం పని లేకపోయిందా అన్నాడు. ముడిమాట ఎంచిందెవరని ఆమె అడిగింది. గొంతులు లేచాయి. దారిన పోయే ఒకావిడ ఆగి, నవ్వుకుంటూ వాళ్ళకు #మొగుడూపెళ్ళాలగొడవ తగిలించింది. క్షణాల్లో ఊరు మూగింది. దూరాన ఉన్నవాళ్ళు తెరల్లోంచి తొంగిచూశారు. ముడిమాట బరువెక్కి #కొత్తజంట మీద పడింది. తలుపు తెరుచుకుంది.

"గొడవపడ్డ జంటను ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించాలి కదండీ," అంది కూడలి.

ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు నవ్వారు. ఆ నవ్వు బయటికి వినబడ్డాక జనం పలచబడ్డారు. తలుపు మళ్ళీ కదిలి, నచికేత్‌ను పొమ్మన్నట్టు దీపాలు బయటికి దారి చూపాయి. హైమ చటుక్కున, "పెరుగు తెమ్మంటే ఆ పుల్లటిదేనా తెచ్చేది?" అని అరిచింది. జనం వెనక్కి వచ్చారు.

అప్పటినుంచి అదే పని. ఉప్మాలో ఉప్పు మీద, తడి తువ్వాలు మీద కావాలని పోట్లాడుకుని, మధ్యలో గుసగుసలాడుకునేవారు. కానీ ఉప్మాలూ తువ్వాళ్ళూ త్వరలోనే పాతబడ్డాయి. బరువు తగ్గినప్పుడల్లా ఇంకాస్త పదునైన మాట కావాల్సి వచ్చింది. అతను ఆమె చదువు గర్వాన్ని ఎత్తాడు. ఆమె అతని తల్లిని ఎత్తింది. ఎత్తిన మాటలు తలుపు మూశాక కూడా గదిలోనే ఉండిపోయేవి. గుసగుసలు తగ్గాయి. కాఫీ రెండు గ్లాసులైంది.

"సంతోషంగా ఉన్నప్పుడు ఇంతమంది ఎందుకు రాలేదు?" అని ఒకసారి ఆమె కూడలిని అడిగింది.

"కొత్తజంటకు దీవెన పడేసి వెళ్ళిపోతారండి. గొడవ దగ్గరైతే ఆగుతారు. ఆగినవాళ్ళకే బరువు."

శ్రావణ పాడ్యమి. గనుల నౌక గంట మోగింది. రేవు దాకా ఇద్దరూ కలిసి నడవాలంటే ముడిమాట బరువుగా ఉండాలనుకుని దారి పొడుగునా పోట్లాడుకున్నారు. వెనకాల ఊరంతా నడిచింది. ఆషాఢం వెళ్ళిపోయిందన్న సంగతి హైమకు నౌక మెట్ల దగ్గర గుర్తొచ్చింది. గోడలు ఇక లేవవు. ఇప్పుడు మంచిమాట చెప్పవచ్చు. అతని చెయ్యి పట్టుకుని నోరు తెరిచింది. ఎదురుగా అన్ని వేల ముఖాలు కాచుకుని ఉన్నాయి. అలవాటైన గొంతు తనే లేచింది.

"వెళ్ళండి. మళ్ళీ రాకండి."

జనం హోరెత్తారు. హైమ అతని చేతిని గట్టిగా నొక్కింది, ఇది అబద్ధం సుమా అన్నట్టు. అతను తిరిగి నొక్కలేదు. చెయ్యి విడిపించుకుని మెట్లెక్కాడు. అతను నటిస్తున్నాడో లేదో చెప్పమని ఆమె కూడలిని అడిగింది.

"అది నాకు తెలియదండి," అంది కూడలి. "ముడిమాట మాత్రం ఇంత బరువు ఎప్పుడూ తూగలేదు."